కాకి ముట్టిన వేళ

పొద్దు నడినెత్తికి వచ్చినా కాకి ముట్టలేదు.

మిద్దె మీద విస్తరి వేసి చాలాసేపయింది. అన్నం పైన పొర కట్టింది. వడల మీద ఈగలు వాలుతున్నాయి. ఎదురింటి పిట్టగోడ మీద మూడు కాకులు కూర్చుని మగపెళ్ళివారి మాదిరి బిగదీసుకుని చూస్తున్నాయే తప్ప, ఒక్కటీ ఇటు రాలేదు.

ఏడాది కిందట పోయిన ఆదినారాయణకు ఆరోజు సంవత్సరీకం. ధర్మవరంలో ఆ నేతగాళ్ళ వీధిలో కాకి ముట్టనిదే ఇంటివాళ్ళు మెతుకు ముట్టరు. పోయినవాడి మనసులో కోరిక ఏదైనా మిగిలిపోతే కాకి రాదు. అప్పుడు బతికున్నవాళ్ళు ఆ కోరిక ఏమిటో ఊహించి, తీరుస్తామని విస్తరి ముందు మాట ఇవ్వాలి. మాట ఇచ్చి అందరూ వెనక్కి తిరిగి నిలబడాలి. పోయినవాడు తింటుంటే చూస్తే సిగ్గుపడి సగంలో లేచిపోతాడట. కాకి ముట్టిందా, ఇక ఆ మాట తప్పడానికి ఆ ఇంట్లో ఎవరికీ హక్కు లేదు.

మాటలు ఇవ్వడం ఎప్పుడో మొదలైంది. నీ మగ్గం అమ్మనని తండ్రి హనుమంతు చెప్పాడు. కాకులు కదల్లేదు. నీ పేరున చౌడేశ్వరమ్మ గుళ్ళో దీపం పెట్టిస్తానని హిందూపురం నుంచి వచ్చిన మేనత్త చౌడక్క చెప్పింది. ఒక కాకి మెడ తిప్పి మళ్ళీ ముడుచుకుంది. ఇంక ఏడవనని తల్లి సిద్ధమ్మ చెప్పింది. ఆ మాట చెబుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంటుంటే మనుషులే నమ్మరు, కాకి ఏం నమ్ముతుంది?

కర్మ జరిపిస్తున్న కులపెద్ద పెద్దప్పకు ఆకలి దహించుకుపోతోంది. ఆయన హనుమంతును దగ్గరికి పిలిచాడు.

"ఏదో పెద్ద కోరికే ఉండాది హనుమంతూ. బాగా గ్యాపకం చేసుకో. వానికి పానం పోయేటప్పుడు దేనిమింద మనసుండె?"

అందరికీ తెలుసు. హనుమంతు కండువాతో ఈగలు తోలుతూ నిలబడ్డాడు.

ఆదినారాయణ మనసు కోడిగుడ్డు లేని కేకు మీద ఉండేది. నవ్వేవాళ్ళు నవ్వారు. పట్టుచీరకు అంచు కుదర్చడంలో తండ్రిని మించిన పిల్లవాడు మగ్గం గుంత లోంచి లేచి, హిందూపురం వెళ్ళి, సుబ్బరాయుడి బేకరీలో పిండి పిసకడానికి చేరాడు. ముక్క ముట్టని ఇళ్ళవాళ్ళు కూడా నిర్భయంగా తినగలిగే కేకులూ పఫ్‌లూ చేయడం నేర్చుకుని, పెనుకొండ బస్టాండులో అంగడి పెడతానన్నాడు. బెంగళూరు పోయే బస్సులన్నీ అక్కడ ఆగుతాయి, వాటిలో గుడ్డుకు భయపడి కేకు ముట్టనివాళ్ళంతా నా గిరాకే అనేవాడు. చివరికి ఒక మార్గశిరపు రాత్రి, పొయ్యిలోంచి లాగిన నిప్పులు ఇనుప తొట్టిలో పోసి పక్కన పెట్టుకుని, చలికి తలుపు బిడాయించుకుని, పొయ్యి గదిలోనే పడుకున్నాడు. తెల్లవారి తలుపు పగలగొడితే నిద్రపోతున్నవాడిలాగే ఉన్నాడు. ఒంటి మీద చిన్న గాయం కూడా లేదు, మూసిన గదిలో నిప్పుల ఆవిరే ప్రాణం తీసింది.

వాడి చెల్లెలు నీలావతి ఇప్పుడు అదే బేకరీలో పని నేర్చుకుంటోంది. అన్న పోయాక తిండి మానేసి కూర్చున్న పిల్లను చౌడక్క తన వెంట హిందూపురం తీసుకుపోయింది. కొన్నాళ్ళు పోయి రానీలే అని హనుమంతు కూడా ఊరుకున్నాడు. పిల్ల అత్త ఇంట్లో ఉంటూ సుబ్బరాయుడి భార్య పక్కన చేరి వెన్న చిలకడం, మైదా జల్లించడం, పఫ్ మడతలు వేయడం పట్టేసింది. ఈ మంగళవారం నుంచి నిన్ను పొయ్యి ముందు నిలబెడతాను, అది కూడా వచ్చిందంటే పెనుకొండలో నేను పెట్టే అంగడి నీ చేతిలో పెడతాను అని సుబ్బరాయుడు అన్నాడు. మంగళవారానికి రాకపోతే ఇంకొకరిని చూసుకుంటానని కూడా అన్నాడు. వ్యాపారం చేసుకునేవాడు, ఎవరి ఏడుపులు తీరేదాకా ఆగుతాడు?

ఆరోజు ఆదివారం.

నీలావతి కొంగు ముడిలో కేకు ముక్క ఉంది. పొయ్యిలో పెట్టి తీసింది సుబ్బరాయుడే అయినా, తక్కినదంతా ఆమె ఒక్కతే చేసిన మొదటి కేకు అది. అన్న చేసినవన్నీ లేచినట్లే లేచి నడుమ కుంగిపోయేవి. పెరుగు పుల్లబడితే సోడా ఉప్పుతో కలిసిన వెంటనే పొంగి చల్లారుతుంది. తియ్యటి పెరుగు వేయాలి, కలిపిన మరుక్షణం పొయ్యిలో పెట్టాలి. ఆమెకు ఈ సంగతి తెలిసేసరికి చెప్పడానికి అన్న లేడు. కుంగని కేకు వాడికి చూపించాలని తెచ్చుకుంది. కాని బేకరీ సరుకు పెద్దల విస్తట్లో పెడతానంటే పెద్దప్ప మిద్దె దిగి వెళ్ళిపోతాడు. గుడ్డు వేయలేదని చౌడేశ్వరమ్మ మీద ఒట్టేసినా ఆ వీధిలో నమ్మే మనిషి లేడు.

పెద్దప్ప ఆమెను పిలిచాడు. పెళ్ళికాని పిల్ల చేతి నీళ్ళు మంచివి, విస్తరి చుట్టూ ఇంకోసారి తిప్పి రమ్మన్నాడు. తక్కినవాళ్ళు వెనక్కి తిరిగి వరసగా నిలబడ్డారు.

నీలావతి వంగి నీళ్ళు తిప్పింది. తిప్పుతూ తిప్పుతూ ముడి విప్పేసింది. పెట్టాలని అనుకోలేదు, పెట్టకూడదనీ అనుకోలేదు. వడకూ అన్నానికీ నడుమ కేకు ముక్క పెట్టి చెయ్యి తీసుకుంది. పక్కన ఎవరో ఊపిరి పీల్చుకున్నట్లనిపించింది. తల ఎత్తకుండా వచ్చి, అందరితో పాటు వెనక్కి తిరిగి నిలబడింది.

అప్పుడే హనుమంతు, వెనక్కి తిరిగి ఉండగానే, గొంతు విప్పాడు.

"ఆదీ, నిన్ను ఆ పొయ్యి మింగె. నీ చెల్లెల్ని దానికియ్యను. ఇంక అది హిందూపురం పొలిమేర తొక్కదు. ఇది నా మాట నాయనా. వచ్చి ముట్టు."

వెనక రెక్కల చప్పుడయింది.

తిరిగి చూస్తే విస్తరి చెదిరిపోయి ఉంది. ఒక కాకి అన్నం కెలుకుతోంది. ఇంకోటి వడ కరుచుకుని లేచింది. కేకు ముక్క లేదు. హనుమంతు పిట్టగోడ పట్టుకుని చంటిపిల్లవాడిలా ఏడ్చాడు. పెద్దప్ప చేతులు కడుక్కోవడానికి చెంబు అడిగాడు.

నీలావతి మాత్రం అక్కడే నిలబడిపోయింది. కాకి కేకుకు వచ్చిందా? నాయన మాటకు వచ్చిందా? ఆమె కూడా వెనక్కి తిరిగే ఉంది.

*

భోజనాలు సాగాయి. సిద్ధమ్మ ఏడాదిలో మొదటిసారి మారు వడ్డించుకుంది.

ఆ ఏడాదీ ఆ ఇల్లు ఇల్లులా లేదు. ఆదినారాయణ మగ్గం అలాగే ఉంది, సగం నేసిన చీరతో. మధ్యాహ్నం పూట అందరూ నడుం వాల్చినప్పుడు దాని పోగులు దగ్గరికి కొట్టే పలక కదిలిన చప్పుడు వస్తుందని సిద్ధమ్మ అనేది. పిచ్చిమాటలనేవాడు హనుమంతు. ఒకరోజు ఆయన కూడా నేస్తున్నవాడల్లా చెయ్యి ఆపి, ఆ పక్కకు చెవి పెట్టి కూర్చోవడం సిద్ధమ్మ చూసింది. ఆ తర్వాత ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు. కొడుకు వస్తే తట్టకుండా లోపలికి రావాలని ఆమె వీధి తలుపు గడియ వేయడం మానేసింది.

నీలావతిని హిందూపురంలో కూడా వాడు వదల్లేదు. వాడు పోయాక సుబ్బరాయుడు పొయ్యి గది గోడ కొట్టించి పెద్ద కిటికీ పెట్టించాడు. ఎంత గాలి వచ్చినా ఆమె ఆ గది తలుపు మూయనిచ్చేది కాదు. వెన్నా చక్కెరా కలిపి తిప్పుతుంటే, ఇంకా తెల్లబడలేదు, ఇంకా తిప్పు అని వెనక నుంచి ఎవరో అన్నట్లుండేది. ఆమె తిరిగి చూసేది కాదు. చూస్తే పోతాడేమోనని భయం. చూడకపోతే ఉంటాడేమోనని ఇంకో భయం.

అన్నాలయ్యాక హనుమంతు కూతురి ట్రంకుపెట్టె తీసి అటక మీద పెట్టేశాడు. తన పెట్టె పైకి పోవడం నీలావతి కింద నిలబడి చూసింది. అనవలసినదంతా చౌడక్కే అంది.

చౌడక్క హనుమంతుకు అక్క. చిన్నప్పుడు ఎత్తుకుని తిరిగిన తమ్ముణ్ణి ఏమైనా అనగలదు, అంది కూడా. ఆడపిల్ల చేతికి ఒక పని వస్తుంటే సంతోషించాల్సింది పోయి ఇదేం బుద్ధి అంది. పట్టుచీరలు నేసి అందరినీ పెళ్ళికూతుళ్ళను చేసేవాళ్ళకు సొంత కూతురి మొహం చూసే తీరిక లేదా అంది. హనుమంతు పట్టు దారం కండెలకు చుట్టుకుంటూ కూర్చున్నాడు. ఆయన ఊరుకున్నకొద్దీ ఆమెకు రోషం పెరిగింది.

"చచ్చినోనికి మాటిచ్చి బతికిండేదాని నోట్లో మన్ను కొడ్తావా?" అంది.

హనుమంతు కండె కింద పెట్టాడు.

"నేను కొట్లేదక్కా. పొద్దున్నుంచి అందరం మాటిచ్చినాము. దేనికన్నా కదిలినాడా? ఈ మాటకు కదిలినాడు. చెల్లెలు ఆడికి పోగూడదని వానికుండాది. నేను తప్పితే వాడు మళ్ళా గాలై తిరగల్ల. నా బిడ్డను నేను తిప్పల్నా?"

చౌడక్క చెంగు దులుపుకుని లేచింది. మనిషితో తగువైతే సర్దిచెప్పవచ్చు. కాకి సాక్ష్యం చెప్పిన తగువులో ఎవరు తలదూరుస్తారు?

నీలావతి అత్తను పెరట్లోకి తీసుకుపోయి, విస్తట్లో కేకు పెట్టిన సంగతి చెప్పేసింది.

చౌడక్క గుండెల మీద చెయ్యి వేసుకుంది. కాసేపు తిట్టింది. ఇంకెవరికైనా తెలిస్తే కర్మ మైలపడిందని కులం పెద్దలు మొదటి నుంచి మళ్ళీ చేయిస్తారని భయపెట్టింది. తర్వాత మెల్లగా, అయితే వాడు నీ కేకుకే వచ్చాడేమో అంది. అని, ఆ మాటకు తానే బెదిరి చుట్టూ చూసింది.

ఆ 'ఏమో' పట్టుకుని వేలాడింది నీలావతి. నాయనకు చెప్పేద్దాం, నువ్వు పక్కన ఉండత్తా అని బతిమాలింది. ఇంతవరకూ తన పక్షాన నిలిచిన ఒకే ఒక్క మనిషి చౌడక్క. ఆమె మేనకోడలి చెయ్యి పట్టుకుని వంటింటి తలుపు సందులోంచి లోపలికి చూపించింది. సిద్ధమ్మ నేల మీద చెంగు పరుచుకుని పడుకుని ఉంది. కళ్ళు మూసుకుని ఉంది.

"మీయమ్మ పగలు కన్ను మూసి ఏడాదాయ. ఈపొద్దు మూసింది. కొడుకు తిన్న్యాడని మూసింది. వాడొచ్చింది దేనికో నీకే తెలీదంటివి. తెలీని మాట చెప్పి ఆయమ్మను లేపుతావా? నాకైతే చేతగాదు పాపా."

నీలావతికి కూడా చేతకాలేదు. పెరట్లో తొట్టి పక్కన చతికిలబడింది. చెబితే అమ్మ నిద్ర చెడుతుంది. చెప్పకపోతే పెనుకొండ అంగడి పోతుంది, ఆరు నెలలుగా నేర్చినదంతా పోతుంది, ఈ ఇంట్లో కండెలు చుట్టుకుంటూ అన్న మగ్గం పక్కన కూర్చోవాలి. అడకత్తెరలో పోకచెక్క అంటారే, ఆ పోకచెక్కకు నోరుంటే ఏం చెబుతుందో ఆమెకు ఆ సాయంత్రం తెలిసింది. అన్న మీద కోపం వచ్చింది. ఏదో ఒకటి స్పష్టంగా చెప్పి పోకూడదా?

దీపాలు పెట్టే వేళ సిద్ధమ్మ లేచి వీధి తలుపు మూసింది. ఏడాదిగా వేయని గడియ తుప్పు పట్టి కదల్లేదు. రాయితో కొట్టి మరీ వేసింది. హనుమంతు ఆశ్చర్యంగా చూస్తే, ఇంక రాడులే అంది.

ఆ మాట అంత తేలిగ్గా అనడం విని నీలావతి ఇక చెప్పలేననుకుంది.

*

చౌడక్క పొద్దున రైలు బండికే బయల్దేరింది. చైనావాళ్ళతో యుద్ధం ఆగినా బండ్లు ఇంకా సిపాయిలతో కిక్కిరిసి వస్తున్నాయి, ముందుగా పోతే కూర్చోవడానికి చోటు దొరుకుతుందని తొందరపడింది. హనుమంతు జట్కా పిలుచుకురావడానికి వెళ్ళాడు. నీలావతి అత్త సంచిలో వడలు మూట కట్టి పెట్టింది. సుబ్బరాయుడికి ఏం చెప్పమంటావని అత్త అడిగితే, ఇంకొకరిని చూసుకోమను అంది. ఆ మాట అని సంచి మూతి ముడి వేసింది.

అప్పుడు వచ్చింది వాసన. మాడిన చక్కెర వాసన.

అది ఆమెకు బాగా తెలుసు. కేకు రంగు కోసం అన్న చక్కెర మాడ్చి నీళ్ళు పోసేవాడు. బేకరీలో చేరిన కొత్తలో సెలవుకు ఇంటికి వస్తే, ఇసుక పోసిన దాకలో గిన్నె పెట్టి, మూత మీద నిప్పులు వేసి కేకులు చేసేవాడు. అప్పుడు ఇల్లంతా ఇదే వాసన. చక్కెర ఎవరు మాడుస్తున్నారని ఆమె వంటింట్లోకి వెళ్ళింది.

పొయ్యి వెలిగించలేదు. సిద్ధమ్మ చల్లటి పొయ్యి ముందు కూర్చుని ఉంది. ముక్కు కొద్దిగా పైకెత్తి, కళ్ళు మూసుకుని ఉంది.

"నీకూ వస్తాందా?" అంది, కళ్ళు తెరవకుండానే.

నీలావతి పొయ్యిలోకి వంగి చూసింది. కాకి ముట్టింది, కడుపు నిండింది, వాడిక రాడన్నారు కదా. మరి ఈ వాసన ఏమిటి? అమ్మ నిద్రపోయిందనీ, ఆ నిద్ర చెడగొట్టకూడదనీ తాను నోరు నొక్కుకుంది కదా. ఈ మనిషి నిద్రపోయినట్లు లేదు. కళ్ళ కింద నలుపు నిన్నటికంటే ఎక్కువైంది.

తల్లి పక్కన కూర్చుంది.

"అమ్మా, నీకొగ మాట చెప్పల్ల."

"వద్దు."

"నిన్న ఇస్తట్లో నేను..."

"వద్దంటి గదా పాపా."

"కేకు పెట్టినా."

సిద్ధమ్మ ఉలిక్కిపడలేదు. పక్కనున్న చెంబు మీద మూత సర్ది పెట్టింది.

"నాకెరికే," అంది.

బయట చౌడక్క సంచి చప్పుడు వినిపిస్తోంది. తల్లే మెల్లగా చెప్పుకొచ్చింది. మిద్దె మీద అందరూ తిరిగినా తాను తిరగలేదట. పెద్దప్ప కంట పడకుండా తల నిండా కొంగు కప్పుకుని, దాని సందులోంచి విస్తరి వైపే చూస్తూ నిలబడిందట.

"కొడుకు తింటాంటే చూడగూడదని ఎవురు పెట్టినారో గాని, కన్నోళ్ళయితే పెట్టింటారా? ఏడాదాయ నేను వానికి అన్నం పెట్టి. తినేది చూడల్ల నాకు."

"అట్లయితే చూసినావు గదమ్మా. దేనికొచ్చినాడు?"

సిద్ధమ్మ పొయ్యిలోని బూడిదను పుల్లతో కెలికింది.

"నువ్వు చెయ్యి తీసి ఇట్ల తిరిగినావో లేదో, ఒగటి చప్పుడు లేకుండా దిగె. మీ నాయన అప్పటికింకా నోరు తెరవల్యా. అన్నం దిక్కు చూడల్యా, వడ దిక్కు చూడల్యా. నీ కేకు కర్సుకొని పాయ. మీరు ఇన్న్యది యెనకాల వచ్చిన కాకుల రెక్కలు. అవి వడలకొచ్చినాయి."

నీలావతికి ఒక్కసారిగా ఏడుపు వచ్చింది. ఏడాదిగా రాని ఏడుపు. అన్న తిన్నాడు. కుంగని కేకు తిన్నాడు. అది చాలు ఆమెకు, ఇంకేమీ వద్దనిపించింది. కొంగు నోట్లో కుక్కుకుని వెక్కివెక్కి ఏడ్చింది. తల్లి ఓదార్చలేదు. ఏడుపు తగ్గాక నీలావతి మొహం తుడుచుకుంది.

"అయితే నాయనకు చెప్పమ్మా. నేను చెప్తే నమ్మడు. నువ్వు కండ్లార చూసినావు. నువ్వు చెప్తే పంపిస్తాడు."

"చెప్పను."

అరిచి అనలేదు, విసుక్కోలేదు. మజ్జిగ వద్దన్నట్లు అంది.

"ఆడ్నుంచి ఒగ శవం తెచ్చుకుంటిమి. చచ్చినోడు పొమ్మన్న్యాడని బతికిండేదాన్ని పంపల్నా? నువ్వు పోయి చెప్పుకో. నన్నడిగితే నేను యెనక్కి తిరిగినా, ఏమీ చూడలేదంటా. కాకి వచ్చి చెప్పదు."

నీలావతి నమ్మలేనట్లు చూసింది. కొడుకు తినడం చూసిన తల్లి, ఆ సంగతి మింగేసి, మొగుడి అబద్ధపు నమ్మకం మీద గడియ బిగించి కూర్చుంది. తెలిసే చేసింది. కాకి పిల్ల కాకికి ముద్దంటారు. ముద్దు ఇంత దూరం పోతుందని ఆమె అనుకోలేదు.

"అట్లయితే వానికి నిమ్మళం ఎట్లమ్మా? వాడడిగింది ఒగటి, నాయన ఒప్పుకునింది ఇంకొగటి. వాన్ని మనమే తిప్పుతాండాము."

"తిరగనీ," అంది సిద్ధమ్మ. "తిరుగుతాంటే ఈ వాసనైనా వస్తాంటాది."

అది వినగానే నీలావతికి తల్లిని చూస్తే భయం వేసింది. అంతకంటే ఎక్కువగా జాలి వేసింది. లేవబోయింది. సిద్ధమ్మ చటుక్కున ఆమె మణికట్టు పట్టుకుంది. మగ్గం పని చేసి గట్టిపడిన చెయ్యి, విడిపించుకోబోతే లొంగలేదు.

ఇంతవరకూ తన దారికి అన్న అడ్డం పడ్డాడనుకుంది నీలావతి. పోయినవాడితో పోట్లాడలేక, పెట్టె అటక ఎక్కుతున్నా నోరెత్తలేదు. అన్న అడ్డం పడలేదు. అడ్డంగా కూర్చున్నది అమ్మ. బతికున్న అమ్మ, తననూ పోగొట్టుకుంటానేమోనని భయపడే అమ్మ. ఈమెతో పోట్లాడి గెలిస్తే ఏం మిగులుతుంది? ఓడితే ఏం మిగులుతుంది?

జట్కా వచ్చి ఆగింది. బండి టైమవుతోందని చౌడక్క వీధిలోంచి కేక వేసింది. హనుమంతు చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. అత్తకు కాళ్ళు మొక్కి పంపడానికి కూతుర్ని పిలుద్దామని వంటింటి గడప దాకా వచ్చి, అక్కడే ఆగిపోయాడు. చల్లటి పొయ్యి ముందు తల్లీ కూతుళ్ళిద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని కూర్చున్నారని మొదట అనుకున్నాడు. తర్వాత ఇద్దరి మొహాలూ చూశాడు.

ఏమయిందని అడిగాడు.

ఏమీ లేదని సిద్ధమ్మ అంది. పిల్ల అన్నను తలుచుకుని ఏడుస్తోందని చెప్పింది. చెబుతూ మణికట్టు మీద వేళ్ళు ఇంకా బిగించింది.

నీలావతి తండ్రి వైపు చూసింది. కేకు సంగతి ముందు చెబితే ఈయన పితరుల విస్తరి మైలపడిందని గోల పెట్టి, ఇంక రెండో మాట వినడు. నిజం చెప్పమని అమ్మను బతిమాలితే ఆమె చెప్పదు. కాని ముప్ఫయ్యేళ్ళు కాపురం చేసిన మొగుడు మొహంలోకి చూసి అడిగితే, పోయిన కొడుకు పేరు మీద ఆమె అబద్ధం ఆడగలదా? నీలావతికి తెలియదు. తెలుసుకోవడానికి ఒకటే దారి ఉంది, ఆ దారి తొక్కితే అమ్మ ఆమెను ఎన్నటికీ క్షమించకపోవచ్చు.

"నాయనా," అంది. "నిన్న మిద్దె మింద అమ్మ యెనక్కి తిరగల్యా. ఏం చూసిందో అడుగు."

సిద్ధమ్మ ఆమె చెయ్యి వదిలేసింది.